గొంతు విప్పించే ఆటలు

"తెలుగు పిల్లలకు తెలుగు చదవడం నేర్పడానికి ఆటలెందుకండీ? మా రోజుల్లో బెత్తం ఒక్కటి చాలేది" అని ఒక పెద్దమనిషి ఈ మధ్య నాతో అన్నారు. ఆయన మాటలో నిజం బొత్తిగా లేకపోలేదు. వెనుకటి వీధిబడిలో ఏ పాఠం జరుగుతున్నదో వీధి చివరిదాకా వినిపించేదని పెద్దలు చెబుతారు. గుణింతాలు, ఎక్కాలు, పద్యాలు అన్నీ గొంతెత్తి వల్లించవలసిందే. అయితే ఆ చదువు బెత్తం వల్ల వచ్చిందని ఆయన అనుకొంటున్నారు. నా మట్టుకు అది గుంపు వల్ల వచ్చిందంటాను. పదిమంది గొంతులలో తన గొంతు కలిపినవాడికి భయం ఉండదు. తప్పు పలికినా పక్కవాని పలుకు విని సర్దుకొంటాడు. అంటే వీధిబడిలోనూ ఆట వంటిది ఒకటి ఉన్నదన్న మాట. బెత్తం మనకు కనబడింది, ఆట కనబడలేదు. అంతే తేడా.

ఇప్పుడు తరగతిలో బిగ్గరగా చదివించడమంటే వేరొక తంతు. ఒక పిల్లవాడు లేచి ఒక పేరా చదివి కూర్చుంటాడు. పక్కవాడు లేస్తాడు. తక్కినవారంతా పుస్తకంలో వేలు పెట్టుకొని చూస్తూ ఉండాలి. నిజానికి ఎవరూ చూడరు. తన వంతుకు ఏ పేరా వస్తుందో లెక్కగట్టుకొని, దాన్నే లోలోపల గొణుక్కుంటూ ఉంటారు. చదివేవాని మాట శ్రద్ధగా వినేది ఇద్దరే. ఒకరు తప్పు దిద్దడానికి కాచుకొన్న పంతులుగారు, రెండవవాడు తప్పు దొరికితే నవ్వడానికి కాచుకొన్న వెనుక బెంచీ పిల్లవాడు. ఇటువంటి శ్రోతల ముందు గొంతు పెగలకపోవడంలో వింత ఏమున్నది?

కళాశాలలో తెలుగు చెప్పే నావంటివానికి ఈ చిక్కు చివరిదశలో ఎదురవుతుంది. ఇరవై ఏళ్ళ యువకుడు పరీక్షలో మంచి మార్కులే తెచ్చుకొంటాడు. "పోతనగారి పద్యం ఒకటి చదవవయ్యా" అంటే మాత్రం "జలుబు చేసింది సార్" అంటాడు. బమ్మెర మాకు ఎంతో దూరం కాదు. అంతటి కవి పుట్టినట్లు చెప్పుకొనే సీమలో పద్యం చదివే గొంతుకు జలుబు చేసిందన్న మాట! ఈ పిల్లలకు చదవడం వచ్చును, వినిపించడమే రాదు. ఈ గొంతు ఎక్కడ మూగపోయిందని వెనక్కి వెతుక్కుంటూ పోతే, మూడవ తరగతి, నాలుగవ తరగతి దగ్గర ఆగవలసి వచ్చింది.

రేగొండ పిల్లలు

పరకాల నుంచి భూపాలపల్లికి పోయే దారిలో రేగొండ ఉన్నది. 2016 అక్టోబరు దాకా వరంగల్ జిల్లాలో ఉండి, తరువాత జయశంకర్ భూపాలపల్లి జిల్లాలో చేరిన మండలమిది. పత్తి, మిరప, వరి పండే నేల. కొడవటంచ లక్ష్మీనరసింహస్వామి జాతర, ఆదిమానవుడు రాతిమీద రంగులతో బొమ్మలు గీసిన పాండవుల గుట్టలు ఈ మండలానికి పేరు తెచ్చినవి.

ఈ ప్రాంతపు బడిలో కాసేపు కూర్చుంటే తెలుగు పాఠం చెప్పడం ఎంత చిక్కు పనో తెలుస్తుంది. ఇంట్లో లంబాడీ మాట్లాడే తండా పిల్లలు కొందరు. ఉర్దూ మాట్లాడేవారు కొందరు. తెలుగే మాట్లాడేవారికి కూడా పుస్తకం తెలుగు ఒకటి, ఇంటి తెలుగు ఒకటి. ఇంట్లో "నాయిన వస్తుండు" అనే పిల్లవానికి పుస్తకంలో "నాన్న వస్తున్నాడు" ఎదురవుతాడు. ఆ వచ్చేవాడు తన నాయినేనని తెలుసుకోవడానికే కొంత సమయం పడుతుంది. కాబట్టి ఈ తరగతిలో ఉన్నవారందరూ ఎంతో కొంత కొత్త భాష నేర్చుకొంటున్నవారే.

ప్రభుత్వం చేయవలసినవి కొన్ని చేసింది. 2018లో చేసిన చట్టంతో తెలంగాణ బడులలో తెలుగు బోధన తప్పనిసరి అయింది. 2022-23 విద్యాసంవత్సరం నుంచి ప్రభుత్వ బడులలోనికి ఇంగ్లీషు మాధ్యమం వచ్చింది. ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లీషు ఉండే పుస్తకాలు వచ్చినవి. ఒకటి నుంచి అయిదు తరగతుల పిల్లలకు చదవడం, రాయడం, లెక్కలు గట్టిపడాలని 2022 ఆగస్టు 15న "తొలిమెట్టు" అనే కార్యక్రమం మొదలైంది. ఇవన్నీ మంచివే. కాని చట్టం పుస్తకాన్ని పిల్లవాని ఒడిలోకి తేగలదు గాని, అందులోని మాటను గొంతులోకి తేలేదు. అది పాఠం చెప్పేవారి పని.

రేగొండకు దగ్గరలో ఒక చిన్న బడి ఉన్నది. అక్కడి టీచరమ్మ ఈ పనిని ఆటలతో చేస్తున్నారని విని, కొన్ని శనివారాలు పోయి వెనుక వరసలో కూర్చున్నాను. ఆమె దగ్గర గొప్ప పరికరాలేమీ లేవు. పాత క్యాలెండరు కాగితాలు, ఒక కత్తెర, సుద్దముక్కలు, ఇంతే. ఆమె పెట్టుకొన్న నియమం కూడా ఒక్కటే.

"వినేటోళ్ళ చేతిల పుస్తకం ఉండొద్దు సార్" అన్నారామె.

నేను ఎం.ఏ. చదివి, ఇన్నేళ్ళు పాఠం చెప్పినవాణ్ణే. అయినా ఈ చిన్న మాట నన్ను ఆలోచనలో పడేసింది. మీరే చూడండి. అందరి చేతిలోనూ అదే పుస్తకం ఉంటే, నేను చదివేది మీకు ఎందుకు కావాలి? నా తప్పు పట్టడానికి తప్ప మరెందుకూ పనికిరాదు. మీ చేతిలో పుస్తకం లేదనుకోండి. నా నోట వచ్చే ప్రతి మాటా మీకు అవసరమే. నేను గొణిగితే "గట్టిగా చదవరా!" అని మీరే అరుస్తారు. ఆ అరుపులో కోపం ఉన్నా అవమానం లేదు. వినేవానికి అవసరం పుడితే చదివేవానికి గొంతు వస్తుంది. ఆమె ఆడించే ఆటలన్నిటికీ మూలసూత్రం ఇదే.

వంత చదువు

మొదటిది అందరికీ తెలిసినదే. బతుకమ్మ చుట్టూ ఒకామె పాట అందుకొంటే, తక్కినవారు వంత పాడతారు గదా! అట్లాగే టీచరమ్మ పుస్తకం చూచి ఒక వాక్యం చదువుతారు. పిల్లలు పుస్తకం చూడకుండా, గుండ్రంగా నడుస్తూ, ఆ వాక్యాన్ని అదే రాగంతో తిరిగి చెబుతారు. నాలుగు వాక్యాలయ్యాక పుస్తకం ఒక పిల్లకు ఇస్తారు. ఆ పిల్ల చదివితే అందరూ వంత పలుకుతారు. పలికేవారు పదిమంది ఉంటారు గనుక సిగ్గుపడే పిల్లకు చాటు దొరుకుతుంది. వీధిబడిలోని మంచిగుణం ఇదే. కొత్తగా భాష నేర్చుకొనేవారికి ముందుగా ఈ చాటు అవసరం.

చీటీల కథ

ఒక చిన్న కథను ఆరు వాక్యాలుగా కత్తిరించి, ఆరుగురికి తలా ఒక చీటీ ఇస్తారు. ఎవరి చీటీ ఇతరులకు చూపరాదు, పైకి చదివి వినిపించవచ్చును. కథలో మొదటి వాక్యం ఎవరి దగ్గర ఉన్నది, తరువాతిది ఎవరిది అని వినికిడి మీదనే తేల్చుకొని వరుసగా నిలబడాలి. నేను చూచిననాటి కథలో గొర్రె తప్పిపోయింది, కాపరి వెతికాడు, చివరకు అది పాండవుల గుట్టల్లో ఒక రాతిబొమ్మ ముందు నిలబడి కనబడింది. "నీది మల్లొకసారి సదువు! గొర్రె పోకముందే ఎట్ల దొరుకుతది?" అని పిల్లలు వాదులాడుకొన్నారు. వరుస తేలేలోపల ఒక్కొక్కరు తమ వాక్యాన్ని ఆరేడుసార్లు చదివారు. "ఆరుసార్లు చదవండి" అని చెప్పి ఉంటే ఒక్కరూ చదివేవారు కారు.

తిరిగి తిరిగి చదవడంలో ఉన్న బలాన్ని పెద్ద పండితులూ గుర్తించారు. అమెరికాలో శామ్యూల్స్ అనే విద్యావేత్త 1979లోనే ఒకే చిన్న భాగాన్ని తడుముకోకుండా వచ్చేదాకా మళ్ళీ మళ్ళీ చదివించే పద్ధతిని గురించి రాశారు. 2000 సంవత్సరంలో ఆ దేశపు జాతీయ పఠన సంఘం కూడా, పక్కన ఉండి సాయపడుతూ బిగ్గరగా పదేపదే చదివిస్తే పిల్లల చదువు సాఫీగా సాగుతుందని తేల్చింది. మన పాతకాలపు వల్లెవేతకు ఇది చుట్టమే. కాని ఇక్కడ పిల్లవాడు ఏం చదువుతున్నాడో వానికి తెలియాలి. చీటీల కథలో అర్థం తెలియకపోతే నిలబడడానికి చోటే దొరకదు.

గోడ పరుగు

అరుగు మీద గోడకు ఒక కాగితం అంటిస్తారు. జంటలో ఒకడు పరుగెత్తిపోయి ఒక వాక్యం పైకి చదువుకొని, మనసులో పెట్టుకొని, తిరిగివచ్చి రెండవవానికి చెప్పాలి. వాడు రాయాలి. చివరకు రాసినవాడు లేచి తాను రాసినదంతా తరగతికి చదివి వినిపించాలి. పలుకు సరిగా లేకపోతే ఎంత చిక్కో ఈ ఆటలో బయటపడుతుంది. "తాతకు కళ్ళు కావాలి" అని గోడ మీద ఉంటే, ఒక జంట కాగితంలో "తాతకు కల్లు కావాలి" అని వచ్చింది. తరగతి గొల్లుమన్నది. ల-ళ ల భేదం గురించి నేను ఒక గంట ఉపన్యసించినా అంత గట్టిగా నాటి ఉండేది కాదు.

ఊ కొట్టే ఆట

ఒగ్గుకథ మా సీమ సొత్తు. జనగామ ప్రాంతంవాడైన చుక్క సత్తయ్యగారు ఆ కళకు దేశమంతటా పేరు తెచ్చి, 2004 సంవత్సరానికి సంగీత నాటక అకాడమీ పురస్కారం పొంది, 2017లో కన్నుమూశారు. ఒగ్గుకథలో ప్రధాన కథకుని పక్కన సహాయకులుంటారు. కథకుడు ఒక మాట అంటే సహాయకుడు అందుకొని, అడిగి, ఆశ్చర్యపడి, కథను ముందుకు తోస్తాడు.

ఈ టీచరమ్మ దానినే బడిలోకి తెచ్చారు. ఒకరు కథ చదువుతారు. ఎదుట కూర్చున్నవారు, పుస్తకం లేకుండా, అర్థం ముగిసినచోటల్లా "ఊ" కొట్టాలి. చదివేవాడు ఆగవలసినచోట ఆగకుండా పరుగెత్తితే ఊ కొట్టడానికి సందు దొరకదు. మాటకొకసారి ఆగితే ఊ ఎక్కడ కొట్టాలో తెలియదు. మూడు వాక్యాలకొకసారి శ్రోతకు ఒక ప్రశ్న వేసే హక్కు ఉన్నది. "ఎందుకట?" అంటాడు. చదివేవాడు తరువాతి వాక్యంలో జవాబున్నదేమో చూచుకోవాలి. కామా, ఫుల్‌స్టాపు అనే పేర్లు ఎత్తకుండానే విరామచిహ్నాలన్నీ ఇందులో వచ్చేస్తాయి.

గొంతులు మార్చే ఆట

ఒకే వాక్యాన్ని పలువురి గొంతులతో చదవడం. "నా మేక కనబడటం లేదు" అనే వాక్యం ఇచ్చారు. బస్సు కండక్టరు లాగా చదవాలి. జాతరలో మైకు ముందు కూర్చున్నవాని లాగా చదవాలి. పసిపిల్లను జోకొట్టే అమ్మమ్మ లాగా చదవాలి. ఓట్లు అడగవచ్చిన నాయకుని లాగా చదవాలి. వినేవారు ఆ గొంతు ఎవరిదో చెప్పాలి. తన గొంతుతో చదవడానికి సిగ్గుపడే పిల్లవాడు కండక్టరు గొంతుతో చదవడానికి సిగ్గుపడడు. తప్పు వచ్చినా అది కండక్టరు తప్పు!

కిరీటమా? కిరాణమా?

ఒక్క ఆటలో మాత్రం నియమం తిరగబడుతుంది. పుస్తకాలు పిల్లల దగ్గర ఉంటాయి. చదివేది టీచరమ్మ. ఆమె కావాలని తప్పు చదువుతారు. "రాజుగారు తలమీద కిరాణం పెట్టుకొని సభకు వచ్చారు" అన్నారొకసారి. "కిరాణం కాదు టీచర్, కిరీటం!" అని ఇరవై గొంతులు లేచాయి. తప్పు పట్టేవారు పిల్లలు, దొరికేది టీచరు. ఆ చిన్న ప్రాణాలకు ఇంతకన్న ఆనందం ఏముంటుంది? తప్పు చదవడం కొంప మునిగే వ్యవహారం కాదని కూడా వారికి అప్పుడు తెలుస్తుంది.

ఎరువు సంచీ పక్కన దొరికిన శ్రోత

ఆ తరగతిలో తండానుంచి వచ్చే ఒక పిల్ల ఉన్నది. నాలుగవ తరగతి. తెలుగు మాట చివరి అచ్చును మింగేది. "పుస్తకం" అనమంటే "పుస్తక్" అనేది. రెండవ తరగతిలో ఉండగా ఎవరో నవ్వారు. అప్పటినుంచి ఆ పిల్ల నోరు మూతపడింది. చదవమంటే లేచి నిలబడి నేల చూస్తుంది. పత్తి ఏరే రోజులలో ఇంట్లో చిన్నపిల్లను ఎత్తుకోవడానికి ఆమెను బడి మాన్పిస్తారనే మాట కూడా వినబడుతున్నది. బడిలో నోరు మెదపని పిల్లను బడికి పంపి లాభమేమిటని ఇంటివారు అనుకొంటే, వారిని తప్పుపట్టడం కష్టం.

ఒక శనివారం నాలుక మెలికల ఆట పెట్టారు. "భీముడు బీడు భూమిలో ధాన్యం దాచి దండం పెట్టాడు" అనే వాక్యం పలకమన్నారు. తెలుగు ఇళ్ళ పిల్లలు వరుసగా తప్పారు. "బీముడు బీడు బూమి" అన్నారు. మనలో చాలామందికి మాటల్లో వత్తు పలకడం అలవాటు లేదు, "బారతం" అనడమే అలవాటు. లంబాడీ భాషలో ఘ, ధ, భ వంటివి రోజువారీ మాటల్లోనే ఉన్నాయి. ఆ పిల్ల లేచి భీముణ్ణి, భూమిని, ధాన్యాన్ని నిండుగా పలికింది. చివరి అచ్చులు కూడా మింగలేదు. "మల్లొకసారి అను!" అన్నారు తక్కిన పిల్లలు, ఈసారి నేర్చుకోవడానికి. తన భాష తనకు లోటని రెండేళ్ళుగా అనుకొంటున్న పిల్లకు అదే పెట్టుబడి అయింది.

తరువాత కొన్ని వారాలకు ఆ పిల్ల తండ్రి బడికి వచ్చినప్పుడు నేను అక్కడే ఉన్నాను. పత్తికి కొట్టడానికి పురుగుమందు తెచ్చి ఎరువు సంచీ పక్కన పెడితే, ఈ పిల్ల దానితో వచ్చిన మడతకాగితం విప్పి, తెలుగులో ఉన్న భాగం పైకి చదివిందట. గాలికి ఎదురుగా కొట్టవద్దని, ముక్కుకు, నోటికి గుడ్డ కట్టుకోవాలని, కొట్టిన బట్టలు విడిగా ఉతకాలని అందులో ఉన్నది. డబ్బా మీది ముక్కోణపు రంగు చూపి ఎరుపైతే అన్నిటికన్న పెద్ద విషమని, ఆ తరువాత పసుపు, నీలం, ఆకుపచ్చ అని కూడా చెప్పింది. ఇన్నేళ్ళుగా ఆ ఇంటికి అటువంటి కాగితాలు ఎన్నో వచ్చినవి. వాటిని చదివి వినిపించినవారు లేరు.

"మా ఇంట్ల సదివేది గీమె ఒక్కతే సార్. గిప్పుడెట్ల మాన్పిస్త?" అన్నాడాయన.

ఒక్క ఆటతో బతుకు మారిపోయిందని నేను కోతలు కోయను. ఆ ఇంటి కష్టాలు ఆ ఇంటికి ఉన్నవి. కాని బిగ్గరగా చదవడమెందుకు అనేదానికి ఇంతకన్న మంచి జవాబు నాకు ఏ గ్రంథంలోనూ దొరకలేదు. పుస్తకం చేతిలో లేని శ్రోత మన దేశంలో ఇంటింటా ఉన్నాడు.

కొన్ని జాగ్రత్తలు

ఆట అన్నంత మాత్రాన అన్నీ మంచివి కావు. తప్పినవాణ్ణి బయట కూర్చోబెట్టే ఆటలు చదువుకు పనికిరావు. అందరికన్న ఎక్కువ అభ్యాసం కావలసినవాడే అందరికన్న ముందు బయటికి పోతాడు. రెండవది, వాక్యం మధ్యలో దిద్దరాదు. వాక్యం ముగిశాక, ఆ వాక్యాన్నే మామూలుగా తిరిగి చదివి వినిపిస్తే చాలును. మూడవది, పావుగంట దాటితే ఆట కూడా పాఠమైపోతుంది. ఇంకా ఆడాలని పిల్లలు అంటున్నప్పుడే ఆపాలి.

అన్నిటికన్న ముఖ్యమైనది, ఇంటి పలుకును ఎగతాళి చేయరాదు. గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో ఉండగా సవర పిల్లలకు చదువు చెప్పాలనుకొని, ముందు తామే సవర భాష నేర్చుకొన్నారు. ఆ భాషలో పుస్తకాలు రాశారు, బడులు పెట్టించారు. ఆయన పుట్టినరోజైన ఆగస్టు 29ని మనం తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకొంటున్నాము. పిల్లవాని భాషను గౌరవించినవాడే వానికి మరో భాష నేర్పగలడని ఆయన చేసి చూపారు. రేగొండ టీచరమ్మ కూడా తండా పిల్లల దగ్గర లంబాడీ మాటలు నేర్చుకొని, తప్పు పలికి, వారిచేత దిద్దించుకొంటూ ఉంటారు.

ఇంట్లో ఆడదగినవి

ఇదంతా పల్లె బడుల సంగతి, మాకేమి అని పాఠకులు అనుకోవద్దు. పట్టణాలలో ఇంగ్లీషు చదువులు చదివే మన పిల్లలకూ తెలుగు కూడబలుక్కొని చదివే గతి పట్టింది. సముద్రాలు దాటిన మనవారు ఈ సంగతి ముందే గ్రహించారు. అమెరికాలో 2007లో మొదలైన సిలికానాంధ్ర మనబడివారు పిల్లలకు తెలుగు చెప్పడంతో ఊరుకోక, "తెలుగు మాట్లాట" అనే పేరుతో మాటల ఆటల పోటీలు కూడా పెట్టారు. ఆ పేరులోనే మాటా ఉన్నది, ఆటా ఉన్నది.

ఇంట్లో దీనికి ఖర్చేమీ లేదు. అమ్మ చేతులు పిండిలో ఉన్నప్పుడు వంటల శీర్షిక పట్టుకొని ఎంత ఉప్పు, ఎంత కారమో పిల్లవాడు చదివి చెప్పాలి. తప్పు చదివితే ఫలితం భోజనాల వేళ తెలుస్తుంది! కళ్ళజోడు పెట్టుకొన్నా చిన్న అక్షరాలు కనబడని తాతగారికి మనుమరాలు పేపరు చదివి వినిపించాలి. ఆయన నడుమ నడుమ ప్రశ్నలు వేయాలి. దిద్దడం మాత్రం తక్కువ చేయాలి.

ఒకప్పుడు వారపత్రిక వస్తే సీరియల్ భాగాన్ని ఒకరు చదువుతుండగా ఇంటిల్లిపాదీ వినే అలవాటు చాలా ఇళ్ళలో ఉండేది. కథానాయిక రైలు ఎక్కిందో లేదో తెలుసుకోవాలని వంటింట్లోనుంచి "ఆగు, ఆగు, నేను వచ్చేదాకా చదవకు" అని కేకలు వినిపించేవి. ఆ కేకకన్న మించిన ప్రోత్సాహం చదివే పిల్లకు ఏముంటుంది? ఇప్పుడు ఎవరికి వారే మౌనంగా చదువుకొని పేజీ తిప్పేస్తున్నాము.

కాబట్టి వచ్చే వారం పత్రిక రాగానే సీరియల్ పేజీ తెరిచి, ఇంట్లో అందరికన్న చిన్న చదువరి చేతికి ఇవ్వండి. తక్కినవారు చుట్టూ కూర్చుని ఊ కొట్టండి.